రాజపత్రం చెప్పనిది: 1933 ఎనేబ్లింగ్ చట్టం – మూలపత్రాల తులనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

జర్మనీలో ఫాసిజం ఎదుగుదలను వివరించే సందర్భంలో రెండు వాదాలు తరచుగా వినిపిస్తాయి. నాజీలు చట్టబద్ధంగానే అధికారం చేపట్టారన్నది ఒకటి. కేవలం దౌర్జన్యంతో రాజ్యాన్ని హస్తగతం చేసుకున్నారన్నది మరొకటి. ఆనాటి మూలపత్రాలను పక్కపక్కన పెట్టి చదివితే ఈ రెండూ అసమగ్రమేనని తేలుతుంది. 1933 మార్చి 23న రైహ్‌స్టాగ్ ఆమోదించిన ఎనేబ్లింగ్ చట్టం ఆధారంగా దీనిని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రాజపత్రం

ఐదు అధికరణాలు మాత్రమే గల ఈ చట్టం, పార్లమెంటు ప్రమేయం లేకుండా, రాజ్యాంగానికి భిన్నంగా సైతం శాసనాలు చేసే అధికారాన్ని మంత్రివర్గానికి కట్టబెట్టింది. రాజ్యాంగ సవరణకు అవసరమైన షరతులు నెరవేరాయని నిర్ధారణ అయిన మీదటే దీనిని ప్రకటిస్తున్నట్లు రాజపత్రంలోని పీఠిక పేర్కొంటుంది. ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోతే చట్టబద్ధత వాదం నిలుస్తుంది.

అయితే అదే రాజపత్రంలో దీనికి ముందు వెలువడిన ఫిబ్రవరి 28 నాటి అత్యవసర ఉత్తర్వును కూడా చదవాలి. రైహ్‌స్టాగ్ భవన దహనం జరిగిన మర్నాడే వెలువడిన ఆ ఉత్తర్వు వ్యక్తి స్వేచ్ఛ, భావప్రకటన, సభా స్వాతంత్ర్యం మొదలైన హక్కులకు సంబంధించిన 7 అధికరణాలను నిలిపివేసింది. ప్రతిపక్ష సభ్యుల నిర్బంధానికి మార్గం సుగమం చేసింది ఇదే.

సభా కార్యకలాపాల నివేదిక

ఎన్నికైన 647 మందిలో 538 మంది ఓటు వేశారు. అనుకూలం 444, వ్యతిరేకం 94. ఓటు వేయని 109 మందిలో 81 మంది కమ్యూనిస్టులు, 26 మంది సోషల్ డెమోక్రాట్లు. వీరిలో అనేకులు నిర్బంధంలోనో, అజ్ఞాతంలోనో, ప్రవాసంలోనో ఉన్నారు. సకారణంగా సెలవు పొందని సభ్యులను హాజరైనట్లే పరిగణించేలా అదే రోజు సభా నియమాలను సవరించారు. మూడింట రెండు వంతుల హాజరుకు 432 మంది అవసరం. కమ్యూనిస్టులు లేని స్థితిలో 120 మంది సోషల్ డెమోక్రాట్లు సభను బహిష్కరించి, మరో 15 మంది వారితో కలిస్తే కోరం పడిపోయేది. నియమాల సవరణ అంతరార్థం ఇదే. రాజపత్రం దీని గురించి మౌనం వహిస్తుంది.

సంఖ్యల అన్వయం

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గైర్హాజరైన వారందరూ వచ్చి వ్యతిరేకించినా, 647లో 444 మూడింట రెండు వంతులకు మించే ఉంటుంది. కాబట్టి నిర్బంధాల వల్లనే చట్టం నెగ్గిందనడం సరికాదు. నాజీలు, వారి మిత్రపక్షమైన జాతీయవాదులకు కలిపి ఉన్న స్థానాలు 340. అంటే కనీసం 104 ఓట్లు కూటమి వెలుపలి నుంచి, ప్రధానంగా కాథలిక్ సెంటర్ పార్టీ నుంచి వచ్చాయి. సభాభవనం చుట్టూ, లోపలా నాజీ దళాలు మోహరించిన మాట నిజం. కానీ అదే భయవాతావరణంలో ఒట్టో వెల్స్ లేచి వ్యతిరేకంగా ప్రసంగించగలిగాడు. హాజరైన అతని పార్టీ సభ్యులందరూ వ్యతిరేకంగానే ఓటు వేశారు. భయం వాస్తవమే అయినా, అది ఇతర పక్షాల నిర్ణయాన్ని పూర్తిగా వివరించదు.

ముగింపు

రాజపత్రం చట్టబద్ధతను ప్రకటిస్తుంది. అత్యవసర ఉత్తర్వు ఆ చట్టబద్ధతకు పునాదిలో ఉన్న బలప్రయోగాన్ని చూపుతుంది. సభా నివేదిక ఇతర పక్షాల అంగీకారాన్ని నమోదు చేస్తుంది. ఏ ఒక్కటీ మొత్తం సత్యాన్ని చెప్పదు. ఒక పత్రాన్ని ఎవరు, ఎవరి కోసం, ఏ అవసరంతో రూపొందించారో ప్రశ్నించకుండా ఉటంకించే పరిశోధకుడు, నాజీలు తమ గురించి తాము చెప్పుకున్న కథనే తిరిగి రాసినవాడవుతాడు.