మందులపై పేటెంటు హక్కు – సామాన్యుడు తెలిసికొనవలసిన విషయాలు

ఒకే రోగానికి వాడే ఒకే మందు ఒక పేరుతో వేల రూపాయలకు, మరొక పేరుతో వందల రూపాయలకు లభించుట మనం చూచుచున్నదే. ఈ తేడాకు గల కారణాలలో పేటెంటు హక్కు ముఖ్యమైనది. బళ్లారిలో కొన్నను, హోసూరులో కొన్నను, పర్లాకిమిడిలో కొన్నను, యానాంలో కొన్నను ఈ హక్కు ఒక్కటే. రాష్ట్రాల ఎల్లలతో దీనికి సంబంధం లేదు.

పేటెంటు అనగా ఏమి?

కొత్తదియు, పరిశ్రమకు ఉపయోగపడునదియు అయిన ఆవిష్కరణపై ప్రభుత్వం నిర్ణీత కాలానికి ఇచ్చే హక్కే పేటెంటు. మన దేశంలో దీని గడువు దరఖాస్తు చేసిన తేదీ నుండి 20 సంవత్సరాలు. ఆ గడువులో యజమాని అనుమతి లేక ఇతరులు ఆ వస్తువును తయారు చేసి అమ్మరాదు. బదులుగా ఆవిష్కర్త తన పద్ధతిని దాచక వ్రాసి ఇవ్వవలెను. గడువు తీరిన పిదప అది అందరి సొత్తు.

వేటికి లభించును?

మందుల రంగంలో ముఖ్యంగా మూడు విధాల పేటెంట్లు కలవు. మొదటిది మందు పదార్థంపై హక్కు. రెండవది దానిని తయారు చేసే రసాయనిక విధానంపై హక్కు. మూడవది మందును శరీరానికి అందించే ఏర్పాటుపై హక్కు. నెమ్మదిగా కరిగే మాత్ర, చర్మానికి అంటించే పట్టీ, నోటితో పీల్చే సాధనం ఈ కోవలోనివి. అయితే వైద్యుడు రోగికి చేసే చికిత్స పద్ధతికి సెక్షన్ 3(ఐ) ప్రకారం మన దేశంలో పేటెంటు ఇవ్వరు.

1970 నాటి చట్టం

జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్ 1959లో సమర్పించిన నివేదిక ఆధారంగా 1970లో పేటెంట్ల చట్టం వచ్చినది. 1972 ఏప్రిల్ 20 నుండి అమలైన ఈ చట్టం మందు పదార్థంపై పేటెంటును తొలగించి, తయారీ విధానానికి మాత్రమే దానిని పరిమితం చేసినది. చెరకు రసం కాచే ఒక పద్ధతిపై హక్కు ఒకరికి ఉన్నను, వేరొక పద్ధతిలో బెల్లం వండుటకు ఇతరులకు అడ్డు లేనట్లే ఇది. కొత్త మార్గంలో అదే మందును తయారు చేయుటకు మన రసాయన శాస్త్రజ్ఞులకు వీలు కలిగినది. హైదరాబాదులోని ప్రభుత్వ సంస్థ ఐ.డి.పి.ఎల్.లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిరి. హైదరాబాదు మందుల తయారీకి పెద్ద కేంద్రమగుటకు ఈ చట్టం కూడా తోడ్పడినది.

2005 తరువాత

ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం మేరకు 2005 జనవరి 1 నుండి మందు పదార్థంపై పేటెంటు తిరిగి వచ్చినది. దానితోపాటు సెక్షన్ 3(డి) అను నిబంధనను కూడా పార్లమెంటు సవరించినది. తెలిసిన మందు రూపాన్ని కొద్దిగా మార్చినంత మాత్రాన కొత్త పేటెంటు రాదు. గుణం పెరిగినదని నిరూపించవలెను. రక్త క్యాన్సరుకు వాడే ఇమాటినిబ్ మందు యొక్క ఒక స్ఫటిక రూపంపై నోవార్టిస్ సంస్థ కోరిన పేటెంటును ఈ నిబంధన ఆధారంగానే సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న నిరాకరించినది.

మందు ధర ప్రజలకు అందుబాటులో లేకున్నచో, పేటెంటు ఇచ్చిన మూడు సంవత్సరాల తరువాత ఇతరులకు తయారీ అనుమతి ఇచ్చుటకు సెక్షన్ 84 వీలు కల్పించుచున్నది. మూత్రపిండాల, కాలేయ క్యాన్సర్లకు వాడే సోరాఫెనిబ్ మందు (బేయర్ సంస్థ వారి నెక్సావర్) నెలకు సుమారు 2,80,000 రూపాయలు ఉండగా, 2012 మార్చి 9న హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మాకు ఇట్టి అనుమతి లభించినది. నాట్కో ధర నెలకు 8,880 రూపాయలుగా నిర్ణయమైనది. పేటెంటు యజమానికి అమ్మకాలపై 6 శాతం రాయల్టీ చెల్లించవలెనని ఉత్తర్వులో విధించిరి. 2013లో దానిని 7 శాతానికి పెంచిరి.

అభ్యంతరం చెప్పే హక్కు

పేటెంటు మంజూరు కాకముందు దానిపై ఎవరైనను అభ్యంతరం తెలుపవచ్చును. మొండి క్షయవ్యాధికి వాడే బెడాక్విలిన్ మందుపై జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ అదనపు పేటెంటు కోరినప్పుడు, ఆ వ్యాధి నుండి కోలుకున్న నందిత వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమెజా టిసిలే అభ్యంతరం తెలిపిరి. 2023 మార్చిలో ఆ దరఖాస్తు తిరస్కరింపబడినది. అదే సంవత్సరం జూలైలో మొదటి పేటెంటు గడువు కూడా తీరినది.

పాఠకులకు సూచన

ఖరీదైన మందు వ్రాసినప్పుడు దాని అసలు రసాయన నామం ఏదో, పేటెంటు గడువు తీరినదో లేదో, అదే మందు తక్కువ ధరకు వేరే పేరుతో కలదో వైద్యుని అడుగుట తప్పు కాదు. 2008లో ప్రారంభమైన జన్ ఔషధి పథకపు దుకాణాలలో ఇట్టి మందులను రసాయన నామంతోనే విక్రయించెదరు. అయితే వైద్యుని సలహా లేక మందు మార్చరాదు, మధ్యలో మానరాదు.