పాత పికప్‌కు పళ్ళు యాడుంటాయి?

కొంచెం పెద్దదే రాస్తున్నా. మాపటేల మంచం మీద కూర్చుని తీరిగ్గా చదువుకోండి.

మా తమ్ముని కొడుకు ఒక పాత బొలెరో పికప్ బేరం తెచ్చినాడు. 2014 బండి. మీటరు మీద 2,68,000 కిలోమీటర్లు. చెప్పిన ధర 3 లక్షల 20 వేలు, గట్టిగా అడిగితే మూడుకు దిగేటట్టుంది. "పెదనాయనా, ఇంక బాడుగ బండి కోసం ఎవురినీ బతిమలాడే పనుండదు" అంటాడు వాడు.

వాని బాధ నాకు తెలియంది కాదు. పోయినేడు టమాటా కోసి, బాక్సులు గట్టున పెట్టుకొని రాత్రి 11 దాకా కూర్చున్నాం. వస్తానన్న బండి రాలే. తెల్లారి ఇంకో బండి దొరికి పత్తికొండ చేరేసరికి వేలం అయిపోయింది. 70 బాక్సులు అడిగినోనికి అడిగిన ధరకు ఇచ్చి ఇంటికొచ్చినాం. ఆ రాత్రి నుంచి వానికి బండి పిచ్చి పట్టింది.

రెండు వారాలుగా ఇంట్లో ఇదే పంచాయితీ. వాడు మీటరు గురించి మాట్లాడతాడు, నేను అప్పు గురించి మాట్లాడతా. ఈ గొడవలో నాకు మా జేజినాయన గుర్తుకొచ్చినాడు. ఆయన బతుకులో కొత్త ఎద్దులని కొన్నది లేదు. అన్నీ ఒకరి కాడి కింద పనిచేసి వచ్చినవే. అంటే ఇప్పటి మాటలో అన్నీ సెకండ్ హ్యాండే.

ఎమ్మిగనూరు జాతరలో ఎద్దుల బేరం చూసినోళ్ళకు తెలుసు. అమ్మేటోడు కొమ్ములు చెక్కి, నూనె పూసి, మెడకు గంటలు కట్టి నిలబెడతాడు. కొనేటోడు అవేవీ చూడడు. ముందు నోరు తెరిపిస్తాడు. ఎద్దుకు పైదవడకు ముందు పళ్ళుండవు, కింద ఎనిమిదే. రెండేళ్ళ ప్రాంతంలో పాలపళ్ళు రాలి మొదటి జత వస్తుంది. తర్వాత నాలుగు, ఆరు, నాలుగేళ్ళు దాటినాక ఎనిమిదీ నిండుతాయి. ఆ తర్వాత అరుగుదల చూసి వయసు చెప్తారు. ఈపొద్దు బండలాగుడు పోటీల్లో పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు అని మైకులో పిలిచేది ఈ లెక్కే. పళ్ళయినాక సుళ్ళు చూస్తారు, గిట్టలు చూస్తారు. కాడి కట్టి నడిపించమంటారు. చివరికి దళారి తువాలు కింద వేళ్ళు పట్టుకొని ధర తేలుస్తాడు. ఆ తువాలు కింద ఎంత మోసం జరిగినా, పళ్ళ విషయంలో మాత్రం మోసం చేసే వీలు తక్కువ. ఎద్దు వయసు ఎద్దు నోట్లోనే ఉంటుంది. బండి వయసు మీటర్లో ఉంటుందని మనం అనుకుంటున్నాం. చిక్కంతా అక్కడే ఉంది.

మన సీమలో సరుకు తోలకం చాలా పాత యవ్వారం. బండ్ల బాటలు లేని కాలంలో ఎద్దుల వీపు మీదే ఉప్పు, ధాన్యం పోయేవి. టావెర్నియర్ అనే ఫ్రెంచి రత్నాల వ్యాపారి 1652లో మన గండికోటకు వచ్చినాడు, అప్పుడే కోటను పట్టుకున్న మీర్ జుమ్లాకు సరుకు చూపించనీకి. ఆయన రాసిన పుస్తకంలో పదీ పన్నెండు వేల ఎద్దుల బిడారుల మాట ఉంది. అట్లాంటి బిడారు ఎదురొస్తే అదంతా దాటిపోయేదాకా రెండు మూడు రోజులు పక్కన ఆగాల్సిందేనంట. ఇప్పుడు టోల్‌గేటు కాడ పది నిమిషాలు ఆగితే మనం హారన్ కొడతాం.

తర్వాత కట్టె చక్రాల బండ్లు, ఆ తర్వాత టైరు బండ్లు. మా జేజినాయన టైరు బండి కట్టించుకున్న రోజు ఊరంతా చూడనీకి వచ్చిందని మా జేజి చెప్పేది. అదే ఎద్దులు, మోసే బరువు మాత్రం పెరిగింది. బాటలో కుదుపు తగ్గింది.

మోటారు బండ్లు మన పల్లెలకు కొత్తగా ఎప్పుడూ రాలేదు. పట్నంలో నలిగినాక, రెండో చేతికో మూడో చేతికో మన కాడికి వచ్చినాయి. జీపులు అట్లే వచ్చినాయి, మెటాడోర్లు అట్లే వచ్చినాయి. 1980లలో ఒక్కసారిగా నాలుగు జపాన్ కంపెనీలు మన దేశంలో చిన్న లారీల పొత్తులోకి దిగినాయి. టయోటా డీసీఎంతో, మాజ్దా పంజాబ్‌లో స్వరాజ్‌తో, మిత్సుబిషి ఐషర్‌తో, నిస్సాన్ మన హైదరాబాద్ అల్విన్‌తో. ఫ్రిజ్‌లు, వాచీలు చేసిన ఆ అల్విన్ కంపెనీయే జహీరాబాద్‌లో లారీలు కూడా చేసింది. 1986లో టాటా వాళ్ళు 407 దించినారు. పోటీలో అల్విన్ నిస్సాన్ నిలవలేక ఆ పదేళ్ళు తిరక్కుండానే మహీంద్రా చేతికి పోయింది. డీసీఎం టయోటా ఆ తర్వాత కొన్నాళ్ళకు కొరియా దేవూ చేతికి పోయింది.

కంపెనీ పోయినా పేరు మాత్రం మన నోట్లో ఉండిపోయింది. ఇప్పటికీ ఏ కంపెనీ మధ్య రకం లారీ వచ్చినా "డీసీఎం వచ్చింది, ఎత్తండి" అంటాం. డీసీఎం అంటే ఢిల్లీ క్లాత్ మిల్స్, బట్టల మిల్లు! ఆదోనిలో పత్తి అమ్ముకునే మనం బట్టల మిల్లు పేరుతో లారీని పిలుస్తున్నాం. సరదా మాట పక్కన పెడితే, అప్పట్లో అగ్గువకు వచ్చిందని జపాన్ బండి కొన్నోళ్ళు తర్వాత సామాన్ల కోసం ఎన్ని ఊర్లు తిరిగినారో మీ ఊర్లో పెద్దోళ్ళను అడగండి. పాత బండి కొనేటప్పుడు ఇంజన్ కంటే ముందు అడగాల్సింది, దాని సామాను డోన్‌లోనో ప్రొద్దుటూరులోనో దొరుకుతుందా లేదా అని.

ఈ విషయంలో మావాడు తెచ్చిన బండికి నేను మార్కులేస్తా. ఆ 2523 సీసీ ఇంజన్ మూలాలు ట్రాక్టర్లో ఉన్నాయి. మహీంద్రా వాళ్ళు 1960లలో అమెరికా ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి బి-275 ట్రాక్టర్ చేసినారు. 1970లలో ఆ డీజిల్ ఇంజన్‌నే జీపుకు ఎక్కించినారు. పికప్ ఇంజన్ సిలిండర్ వెడల్పు 88.9 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 101.6. ఈ వంకర అంకెలేందబ్బా అనుకుంటే, అవి సరిగ్గా మూడున్నర అంగుళాలు, నాలుగు అంగుళాలు! అంగుళాల కాలం ట్రాక్టర్ కొలతలు ఇంకా అట్లే నడుస్తున్నాయి. అందుకే ట్రాక్టర్ మెకానిక్ ఎవరైనా దాని మీద చెయ్యి వేయగలడు.

ఇంక కిలోమీటర్ల సంగతికి వస్తా. గానుగెద్దు దినమంతా నడుస్తుంది. ఎన్ని మైళ్ళు నడిచిందో లెక్క కడితే కాశీకి పోయొచ్చినంత. అయినా దాని గిట్ట అరగదు, మెడ మాత్రం కాయ కాస్తుంది. బండి కూడా అంతే. పొద్దున, మాపటేల పాలక్యాన్లు మోసిన బండి మూడు లక్షలు తిరిగినా నడుము గట్టిగా ఉంటుంది. బేతంచెర్ల నుంచో ఎర్రగుంట్ల నుంచో నాపరాళ్ళు మోసిన బండి లక్షకే కూలబడుతుంది. మీటరు దూరం చెప్తుంది, బరువు చెప్పదు. ఆ దూరమైనా నిజమా అంటే, పాత మీటర్లను వెనక్కు తిప్పేవాళ్ళు, ఇప్పటివాటిని లాప్‌టాప్ పెట్టి మారుస్తున్నారు.

జార్జ్ అకెర్లాఫ్ అని ఒక అమెరికా ఆర్థికవేత్త ఉన్నాడు. పాత కార్ల బజారు మీద 1970లో ఒక వ్యాసం రాసి, 2001లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఆయన చెప్పింది మనకు తెలిసిందే. బండి లోపల ఏముందో అమ్మేటోనికి తెలుసు, కొనేటోనికి తెలీదు. కాబట్టి కొనేటోడు అన్నింటికీ ఒకే సగటు ధర కడతాడు. ఆ ధరకు మంచి బండి ఉన్నోడు అమ్మడు. చివరికి బజారులో చెడ్డవే మిగుల్తాయి. ఆయన మన దేశంలో కూడా కొన్నాళ్ళు పనిచేసినాడు. ఆ వ్యాసంలోనే బియ్యంలో బియ్యం లాంటి రాళ్ళు కలిపి అమ్మే మన బజార్ల మాట కూడా రాసినాడు. మా ఇంట్లో చేటలో బియ్యం ఏరుతుంటే ఆ మాట గుర్తుకొచ్చి నవ్వొస్తుంది.

కాబట్టి పాత పికప్‌కు పళ్ళు యాడుంటాయి? నేను చూసేవి చెప్తా. క్లచ్, బ్రేకు పెడళ్ళ మీది రబ్బరు, స్టీరింగ్ తోలు. మీటరు 80 వేలు చూపిస్తా పెడల్ ఇనుము బయటపడి ఉంటే మీటరు అబద్ధం. కమాన్ కట్టల్లో కంపెనీ ఇచ్చినదాని కంటే అదనంగా ఒక పట్టీ వేసుంటే ఆ బండి మోయకూడని బరువు మోసింది. ఛాసీ కిందికి పడుకొని దూరి కట్టల కాడ వెల్డింగ్ ఉందా చూడాల. కొత్త రంగు కిందనే వేసుంటే ఇంకా అనుమానపడాల. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే గుప్పుగుప్పున పొగ తన్నుతుంటే పిస్టన్ రింగులు అయిపోయినట్టే. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోంది. అన్నిటికంటే పెద్ద పరీక్ష చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయడం. వేడి మీదున్న ఇంజన్ ముసలిదైనా పలుకుతుంది.

కాగితాలు కూడా పళ్ళే. చాలామంది సేల్ లెటర్ రాయించుకొని ఏళ్ళ తరబడి పాత పేరు మీదే తిప్పుతుంటారు. 2018లో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే ప్రమాదంలో పరిహారం బాధ్యత వాళ్ళదే. అందుకే అమ్మేటోళ్ళూ జాగ్రత్తపడండి. ఫారం 29, 30 సంతకాలు, ఫైనాన్స్ ఉంటే ఎన్‌వోసీ, ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. ఎనిమిదేళ్ళు దాటిన సరుకు బండికి ఏటా ఎఫ్‌సీ చేయించాల. 15 ఏళ్ళు దాటితే ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి బాగా పెంచినారు. 2014 బండికి ఆ గడువు 2029లో వస్తుంది.

ఇదంతా చూసి బండి మంచిదే అని తేలిందనుకుందాం. అప్పుడైనా కొనాల్నా? ఇక్కడ మన కె.సి. కాలువ కథ చెప్పాల. సుంకేసుల నుంచి కడప దాకా 306 కిలోమీటర్ల ఆ కాలువను మొదట తవ్వింది సర్కారు కాదు, మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ. లండన్‌లో వాటాలమ్మి తెచ్చిన డబ్బు, దానికి సర్కారు 5 శాతం వడ్డీ పూచీ. పొలాలకు నీళ్ళే కాదు, పడవల్లో సరుకు తోలి బాడుగ సంపాదిస్తామని కూడా లెక్క వేసినారు. మెట్ట సేద్యం చేసే మన రైతులు వాళ్ళు అనుకున్నంత నీళ్ళు తీసుకోలే, పడవలకు అనుకున్నంత బాడుగా రాలే. వడ్డీ మాత్రం ఆగలేదు. చివరికి 1882లో సర్కారే ఆ నష్టాల కాలువను కొనుక్కుంది. కాలువ మంచిదే. ఈపొద్దుకీ లక్షల ఎకరాల ఆశ అది. కంపెనీని ముంచింది, వస్తుందనుకున్న బాడుగకూ కట్టాల్సిన వడ్డీకీ మధ్య తేడా.

మా లెక్క చెప్తా, మీరు మీ అంకెలు పెట్టుకోండి. ఏడాదికి టమాటా 22 ట్రిప్పులు పత్తికొండకు, 1,800 చొప్పున 39,600. ఉల్లి 12 ట్రిప్పులు కర్నూలుకు, 3,500 చొప్పున 42,000. ఎరువులు, విత్తనాలకు 6 ట్రిప్పులు, 6,000. మొత్తం బాడుగ 87,600.

సొంత బండైతే ఇవే ట్రిప్పులకు డీజిల్ 25,300. ఇన్సూరెన్స్, ఎఫ్‌సీ, ట్యాక్సు కలిపి 30,000 అనుకున్నా. టైర్లు, రిపేర్లకు 40,000. ఇంతవరకు 95,300. బాడుగకూ దీనికీ పెద్ద తేడా లేదు. చేతిలో డబ్బుండి కొంటే ఊర్లోవాళ్ళ సరుకు ఓ ఆరు ట్రిప్పులు తోలినా సమానం అవుతుంది. రాత్రి 11 దాకా గట్టున కూర్చునే బాధ తప్పుతుంది, అది లాభం.

కానీ మావాని చేతిలో డబ్బు లేదు. మూడు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తానంటాడు. ఏడాదికి 72,000. అప్పుడు ఖర్చు 1,67,300 అవుతుంది. ఆ లోటు పూడాలంటే డీజిల్ పోను ట్రిప్పుకు 1,370 మిగిలితే, 58కి పైనే బాడుగ ట్రిప్పులు తోలాల. బండి విలువ ఏటా తరిగేది ఇంకా లెక్కలో వేయలే. కరువు వచ్చిన ఏడు ఊర్లో సరుకే ఉండదు, 58 ట్రిప్పులు యాడనుంచి వస్తాయి?

ఇది చెప్తే వాడు రెండు రోజులు నాతో మాట్లాడలే. మూడో రోజు వచ్చి, "పెదనాయనా, పక్క చేను మామ, కిందింటి అన్న చెరి లక్ష పెడతామంటాండారు, ముగ్గురం పొత్తు" అన్నాడు. వానికి తన లక్షలో 60 వేలు ఉన్నాయి, మిగతా 40 నేనిస్తానన్నా, వడ్డీ లేకుండా. పొత్తు బండ్లు ఎన్ని తగాదాలు తెచ్చినాయో నాకు తెలుసు. అందుకే కోత రోజుల వంతులు, రిపేరు ఖర్చు పంపకం ముందే కాగితం మీద రాసుకోమని చెప్పినా. రాసుకున్నారు.

ఆదివారం బండి చూడనీకి పోతాండాం. పొద్దున్నే 6 గంటలకు వస్తాం, అంతవరకు స్టార్ట్ చేయొద్దు అని ఓనరుకు ఫోన్ చేసి చెప్పినా. ఆయన "అంత పొద్దున్నే ఎందుకులేన్నా, టిఫిన్ చేసి పది గంటలకు రాండి" అంటాండాడు.