కాల్బలం చరిత్రలో మనోళ్లెక్కడ?

సూర్యాపేటలో కర్నల్ సంతోష్‌బాబు పేరు అందరికీ తెలుసు. 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన పోరులో ఆయన అమరులయ్యారు. ఆయనకు మహావీర్ చక్ర ప్రకటించారు, సొంతూళ్లో విగ్రహం పెట్టారు. అది న్యాయమే. కానీ ఆ రాత్రి పోరులో అమరులైంది ఇరవై మంది. మిగతా పంతొమ్మిది మందిలో మనకు ఎందరి పేర్లు తెలుసు?

వాళ్లలో ఒకరు నుదూరాం సోరెన్. ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లాకు చెందిన సంతాల్ ఆదివాసి. సంతోష్‌బాబు నాయకత్వం వహించిన 16వ బీహార్ బెటాలియన్‌లోనే నాయబ్ సుబేదార్. అంటే సిపాయిల వరుసల్లోంచి ఎదిగొచ్చిన వాళ్లకు దక్కే హోదా. 1996 ఒప్పందం వల్ల అక్కడ తుపాకులు పేల్చకూడదు. అందుకే ఆ రాత్రి రాళ్లతో, కర్రలతో, వట్టి చేతులతో కొట్లాట. సోరెన్ తన దళానికి ముందు నిలబడ్డారు. తీవ్రంగా గాయపడ్డాక వెనక్కి పొమ్మంటే పోలేదు. ప్రాణం పోయేదాకా పోరాడారు. ఆయనకు వీర్ చక్ర ఇచ్చారు.

ఆ రెజిమెంట్ యుద్ధ నినాదాల్లో ఒకటి 'బిర్సా ముండా కీ జై'. 1900లో బ్రిటిష్ జైల్లో ప్రాణాలొదిలిన ఆదివాసీ తిరుగుబాటు నాయకుడి పేరది. ఈ రెజిమెంట్‌కు మన ప్రాంతంతోనూ పేగుబంధం ఉంది. 1941లో 19వ హైదరాబాద్ రెజిమెంట్‌లోని ఒక బెటాలియన్ నుంచే అది పుట్టింది.

అదే 1941లో మహర్ రెజిమెంట్ కూడా ఏర్పడింది. 1818లో కోరేగావ్ దగ్గర పేష్వా సేనను ఎదిరించిన మహర్లను 1890ల్లో బ్రిటిష్ వాళ్లు సైన్యంలోకి తీసుకోవడం మానేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అవసరం పడి పిలిచారు, అవసరం తీరాక పంపేశారు. రెండో యుద్ధంలో మళ్లీ పిలిచారు. తెలుగు సిపాయిలదీ ఇదే కథ. ఉత్తరాదిన కంపెనీ సిపాయిని 'తిలంగా' అని పిలిచేవాళ్లు. తర్వాత రాబర్ట్స్ లాంటి సేనాధిపతులు మద్రాసు సిపాయి యుద్ధానికి పనికిరాడని తేల్చేశారు. ఈ మధ్యలో మారింది దొరల అవసరమే గానీ మనోళ్ల ధైర్యం కాదు.

కాబట్టి ఉపాధ్యాయులను, విద్యార్థులను మేం కోరేది ఒకటే. జూన్ 15న ఇరవై పేర్లూ చదవండి. కోదాడ, మిర్యాలగూడ, సాగర్ చుట్టుపక్కల దళితవాడల్లో, తండాల్లో పట్టాళానికి పోయొచ్చినోళ్లను కలవండి. వాళ్ల పింఛను కాగితాలు, పతకాలు చూడండి. వాళ్లు చెప్పింది రాసిపెట్టండి. మన సిపాయిల చరిత్రను మనం రాయకపోతే ఇంకెవరు రాస్తారు?