సహవాసం – వాడ: తెలుగు క్రైస్తవ సంఘాలలో ఐక్యతా సాధన (1866–1947)

తెలుగు బైబిలులో విశ్వాసుల పరస్పర ప్రేమబంధాన్ని సూచించే ముఖ్యమైన పదం 'సహవాసం'. వ్యుత్పత్తిని బట్టి కలిసి వసించడం అని దీని అర్థం. లోకవ్యవహారంలో స్నేహం, పొత్తు అనే అర్థాలున్న ఈ పదం క్రైస్తవ వాఙ్మయంలో పారిభాషికత పొందింది. ప్రభురాత్రి భోజనంలో అందరూ ఒకే రొట్టెలో, ఒకే పాత్రలో పాలుపొందడం ఈ సహవాసానికి ప్రత్యక్షరూపం. అయితే ఈ పదం అడుగుపెట్టిన తెలుగు పల్లెలో వాసమే కులాన్ని బట్టి విభక్తమై ఉంది. ఊరు వేరు, మాలపల్లె వేరు, మాదిగగూడెం వేరు. ఒకరి చేతి నీరు మరొకరు ముట్టని సమాజంలో ఒకే పాత్ర అనే భావన ఎదుర్కొన్న పరీక్షను మూడు ఘట్టాలలో గుర్తించవచ్చు.

మొదటిది ఒంగోలు ఘట్టం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడికి చేరాడు. అదే ఏడు బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పెరయ్య అనే మాదిగ ద్వారా ఆ కులస్థులు సంఘంలోకి రాసాగారు. అప్పటికే ఆసక్తి చూపుతున్న అగ్రవర్ణులు దీనికి అభ్యంతరం తెలిపారు. మాదిగలను చేర్చుకుంటే తాము రాలేమన్నారు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం తన సందిగ్ధాన్ని తీర్చిందని క్లౌ స్వీయకథనంలో చెప్పుకొన్నాడు. లోకం నీచమని ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకొన్నాడన్నది అక్కడి బోధ. క్లౌ మాదిగలను స్వీకరించాడు, అగ్రవర్ణులు దూరమయ్యారు. మహాక్షామం తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ తీరంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కులభేదం పాటించే ఐక్యతను నిరాకరించడం ద్వారా ఏర్పడిన సంఘమిది. అయితే దాని ఫలితంగా అది ప్రధానంగా ఒకే కులపు సంఘంగా మిగిలిందన్నది గమనార్హం.

రెండవది దోర్నకల్ ఘట్టం. తిరునల్వేలి ప్రాంతానికి చెందిన తమిళుడు వి.ఎస్. అజరయ్య నిజాం రాజ్యంలోని దోర్నకల్‌ను కార్యక్షేత్రంగా ఎంచుకొన్నాడు. 1910లో ఎడింబరో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన పాశ్చాత్య మిషనరీల త్యాగాన్ని అంగీకరిస్తూనే, వారినుండి భారతీయులు కోరేది సమానస్కంధుల స్నేహమని స్పష్టం చేశాడు. దానమూ త్యాగమూ ఉన్నా ప్రేమ లేకపోతే వ్యర్థమనే పౌలు వాదాన్ని ఆయన మిషనరీలకే అన్వయించాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. ఆయన కాలంలో నిర్మితమై 1939లో ప్రతిష్ఠ పొందిన దోర్నకల్ దేవాలయంలో హిందూ ఆలయ, మసీదు నిర్మాణరీతులు కలిసి కనిపిస్తాయి. పరాయితనాన్ని తొలగించుకోవాలన్న సంకల్పానికి అది శిలారూపం.

మూడవది సంఘాల ఐక్యతోద్యమం. 1919లో తరంగంబాడిలో సమావేశమైన బోధకులు, తమను విడదీస్తున్న శాఖాభేదాలు తాము సృష్టించినవి కావని ప్రకటించారు. వారిలో అజరయ్య ముఖ్యుడు. సుదీర్ఘ చర్చల అనంతరం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం అవతరించింది. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలు అందులో ఏకమయ్యాయి. 1945 జనవరి 1న మరణించిన అజరయ్య ఆ దినాన్ని చూడలేదు.

ఈ ఐక్యతకు పరిమితులున్నాయి. బాప్టిస్టు, లూథరన్ సంఘాలు ఇందులో చేరలేదు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో పెద్దభాగం అప్పట్లో వెలుపలే నిలిచింది. ఇంతకంటె లోతైన సమస్య మరొకటుంది. తెలుగు దేశంలో శాఖాభేదం చాలాచోట్ల కులభేదంతో కలిసిపోయింది. బాప్టిస్టులలో మాదిగలు, ఆంగ్లికన్లలో మాలలు అధికసంఖ్యాకులు. అందువల్ల వేర్వేరు శాఖల పేరిట వేర్వేరు వాడలు యథాతథంగా నిలవగలిగాయి. పరిపాలనాపరమైన ఐక్యత శాఖల మధ్య గోడను తొలగించినా, వాడల మధ్య గోడను తనంతట తాను తొలగించలేదు.

ఈ మూడు ఘట్టాలలో ప్రేమ కేవలం మనోభావంగా కాక, ఎవరితో కూర్చోవాలి, ఎవరితో కలిసి భుజించాలి అనే నిర్ణయంగా కనిపిస్తుంది. ధనికులు ముందుగా తిని పేదలను ఆకలితో నిలిపిన కొరింథు సంఘాన్ని పౌలు మందలించిన సందర్భమూ భోజనమే. కనుక తెలుగు క్రైస్తవ ఐక్యతా చరిత్రను సమాఖ్యల ఒడంబడికలతో పాటు పల్లెలోని ప్రభురాత్రి భోజనపు బల్ల వద్ద కూడా పరిశీలించవలసి ఉంది. 'సహవాసం' అనే పదానికి పూర్ణార్థం సిద్ధించిందా లేదా అన్నది అక్కడే తేలుతుంది.