పన్ను అనే ఆయుధం

తుమ్మెద చెట్టుకు హాని చేయక తేనెను గ్రహించినట్లు రాజు పన్ను గ్రహింపవలెనని శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు బోధిస్తాడు. మరి, ఆ చెట్టు ఎండిపోవాలనే విధించే పన్ను మాటేమిటి? ఈ ప్రశ్న అమెరికాలో తుపాకుల విషయమై తొంభై ఏండ్లకు పైగా నలుగుతున్నది.

మన దేశంలో ఆయుధధారణ రాజ్యాంగమిచ్చిన హక్కు కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ప్రభుత్వమిచ్చే అనుమతి మాత్రమే. అమెరికాలో అట్లు కాదు. 1791 నాటి రెండవ రాజ్యాంగ సవరణ అచ్చటి ప్రజల ఆయుధధారణను హక్కుగా పేర్కొన్నది. కనుక నిషేధమంటే చిక్కు. ముఠాల కాల్పులతో దేశం బెదిరిన ఆ దినాలలో అటార్నీ జనరల్ హోమర్ కమింగ్స్ ఒక ఉపాయం చెప్పాడు. మరతుపాకిని సూటిగా నిషేధిస్తే రాజ్యాంగ సందేహం రావచ్చును గాని, పన్ను వేస్తే చట్టానికి లోబడియే ఉంటామన్నది ఆయన వాదం. ఆ విధంగా 1934లో జాతీయ ఆయుధాల చట్టం వచ్చింది. మరతుపాకి, పొట్టి గొట్టపు తుపాకి, సైలెన్సర్ చేతులు మారినప్పుడెల్ల 200 డాలర్ల పన్ను. నేటి విలువలో అది నాలుగు వేల డాలర్లకు మించుతుంది.

1937లో సోంజిన్‌స్కీ అనే వ్యాపారి, ఇది పన్ను ముసుగు వేసుకొన్న దండన అని సుప్రీంకోర్టుకెక్కాడు. ఆదాయం ఎంతో కొంత వస్తున్నంతవరకు శాసనకర్తల అంతరంగాన్ని తాము శోధింపబోమని న్యాయస్థానం చట్టాన్ని నిలిపింది. కాని 1943లో అదే న్యాయస్థానం, మతగ్రంథాలు పంచేవారిపై వేసిన లైసెన్సు పన్నును కొట్టివేస్తూ, రాజ్యాంగమిచ్చిన హక్కును అనుభవించుటకు వెల కట్టరాదన్నది. 2008లో హెల్లర్ తీర్పు ఆయుధధారణను వ్యక్తిగత హక్కుగా నిర్ధారించిన తరువాత ఈ రెండు వాదాలూ ఎదురెదురుగా నిలిచాయి.

రాష్ట్రాల న్యాయస్థానాల తీర్పులూ చెరొక దారి పట్టాయి. సియాటిల్ నగరం ఒక్కొక్క తుపాకి అమ్మకంపై వేసిన 25 డాలర్ల పన్నును 2017లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు సమర్థించింది. చికాగో నగరమున్న కుక్ కౌంటీ వేసిన అంతే పన్నును 2021లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు కొట్టివేసింది. హక్కుపై భారం మోపి, వచ్చిన సొమ్మును హింసానివారణకు ప్రత్యేకించలేదన్నది దాని ఆక్షేపణ. ఆ పాఠం నేర్చిందో యేమో, 2024 జూలై నుండి 11 శాతం పన్ను వసూలు చేస్తున్న కాలిఫోర్నియా ఆ ధనాన్ని హింసానివారణకే కేటాయించింది.

కథ అచ్చటితో ముగియలేదు. 2025లో చేసిన చట్టం వలన 2026 జనవరి నుండి సైలెన్సర్లు, పొట్టి తుపాకులపై పాత పన్ను సున్న అయింది. మరతుపాకులపై మాత్రం 200 డాలర్లు అట్లే ఉన్నది. పన్ను పోయినా రిజిస్ట్రేషన్ నిబంధన పోలేదు. పన్ను పేరిట నిలిచిన చట్టం పన్నే లేనప్పుడు దేనిపై నిలుస్తుందన్న వివాదం న్యాయస్థానాలకు చేరింది.

నాకు తోచినదిది: ప్రమాదకరమైన ఆయుధాన్ని అదుపు చేయవలెనంటే చట్టం ఆ మాట సూటిగా చెప్పాలి. పన్ను ధనవంతుని ఆపదు. బీదవానిని మాత్రమే ఆపుతుంది. ఆయుధం ప్రమాదకరమైనదైతే అది కలవాని చేతిలోనూ ప్రమాదకరమే. హక్కే అయితే లేనివానికీ హక్కే.