చందా కట్టి ఎదురుచూసినవాళ్ళ చరిత్ర

చందా అంటే మనకు కొత్త మాట కాదు. పీర్ల పండుగ వచ్చినా, వినాయక చవితి వచ్చినా యరమరస్‌లో ఇంటింటికీ రశీదు పుస్తకం పట్టుకొని వస్తారు. ఆ చందాకు ఒక తేదీ ఉంటుంది. పండుగ ఆ రోజు జరిగిపోతుంది, అందరి లెక్కా తీరిపోతుంది. ఇంకో రకం చందా కూడా ఉంది. ఇంకా తయారు కాని వస్తువు కోసం ముందే డబ్బు కట్టడం. ఆ వస్తువు ఎప్పుడొస్తుందో చేసేవాళ్ళకే సరిగా తెలియదు. ఇలా కట్టినవాళ్ళు ఎంతకాలం ఓపిక పట్టాలి? ఈ ప్రశ్న మా ఇంట్లోనే పుట్టింది.

మా అన్న బెంగళూరులో పని చేస్తాడు. ఇద్దరు ముగ్గురు కలిసి చేస్తున్న ఒక వీడియో గేమ్ కోసం మూడేళ్ళ కింద డబ్బు కట్టాడు. ఆట ఇంకా రాలేదు. అన్న ఊరికొచ్చినప్పుడల్లా మా నాయన అడుగుతాడు: "ఏమిరా, దుడ్లు కట్టి మూడేండ్లాయె, ఆటేది?" అన్న "వస్తాది నాయనా, చేస్తా ఉన్నారు" అంటాడు. మా అమ్మ చీటీ వేస్తుంది. చీటీ డబ్బు ఒక్క నెల తప్పినా ఎవరూ ఊరుకోరని ఆమె మాట. వీళ్ళలో ఎవరిది న్యాయం? దానికి జవాబు చరిత్రలో వెతికాను.

మొదట మన తెలుగు సంగతి. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. అప్పుడు మన రాయచూరు కూడా నిజాం గారి హైదరాబాదు రాజ్యంలోదే. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండింది. చరిత్ర, సైన్సు, గొప్పవాళ్ళ జీవితాలు తెలుగులో చదువుకోవాలని ఈ మండలి పెట్టారు. దీనికి ప్రాణం కొమర్రాజు లక్ష్మణరావు గారు. మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. చందాదారులే ఈ మండలికి బలం. ముందు ముందు రాబోయే పుస్తకాల కోసం వాళ్ళు పేరు రాయించుకున్నారు.

తర్వాత లక్ష్మణరావు గారు ఇంకా పెద్ద పనికి పూనుకున్నారు. ఇంగ్లీషులో ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా ఉన్నట్టు తెలుగులో 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము' తేవాలనుకున్నారు. అది అక్షర క్రమంలో రావాలి. మూడు సంపుటాలు వచ్చేటప్పటికి ఇంకా అకారం కూడా దాటలేదు! 1923 జూలైలో ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 46 ఏళ్ళు. పుస్తకం అక్కడే ఆగింది.

అయితే ఆ పని అక్కడితో పోలేదు. 1930లలో కాశీనాథుని నాగేశ్వరరావు గారు ఆ పనిని మళ్ళీ చేతికెత్తుకున్నారు. 1938లో ఆయన కూడా పోయారు. తర్వాత 1947లో ఏర్పడిన తెలుగు భాషా సమితి అక్షర క్రమం వదిలేసి, విషయాల వారీగా విజ్ఞాన సర్వస్వ సంపుటాలు తెచ్చింది. నాకు అర్థమైంది ఏమంటే, చేతికొచ్చిన మూడు సంపుటాలు చూస్తేనే చాలు, మిగతా పని ఎంత గొప్పదో తెలుస్తుంది. సగం పని కూడా నిజాయితీగా చేసి ఉంటే దాన్ని అందుకొనేవాళ్ళు దొరుకుతారు.

ఇంగ్లండులో ఇంకో కథ జరిగింది. నిఘంటువు రాసి పేరు తెచ్చుకున్న శామ్యూల్ జాన్సన్ 1756లో షేక్‌స్పియర్ నాటకాలన్నీ సరిచూసి అచ్చు వేస్తానని చందాలు తీసుకున్నాడు. 1757 క్రిస్మస్ లోపల ఇస్తానన్నాడు. పుస్తకం 1765లో వచ్చింది. నడుమ చార్లెస్ చర్చిల్ అనే కవి, డబ్బు తీసుకున్నావు గానీ పుస్తకమేదని పద్యంలోనే ఎగతాళి చేశాడు. ఆ దెబ్బకే జాన్సన్ పని త్వరగా ముగించాడని అంటారు. చందాదారుల పేర్లు పుస్తకంలో ఎందుకు వేయలేదని అడిగితే, పేర్లు పోగొట్టుకున్నాను, డబ్బు ఖర్చయిపోయింది అని చెప్పాడట! పుస్తకం మాత్రం ఎంతో మంచిదని పండితులు ఇప్పటికీ చెబుతారు. అంటే ఎదురుచూసేవాళ్ళు అడగడం తప్పు కాదు. అడిగేవాళ్ళు ఉంటేనే కొన్ని పనులు పూర్తవుతాయి.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 2009లో అమెరికాలో కిక్‌స్టార్టర్ మొదలైంది. ఇది అంగడి కాదు. ఒక పని చేయాలనుకొనేవాళ్ళకు జనం కలిసి పెట్టుబడి ఇచ్చే చోటు. 2012లో డబుల్ ఫైన్ అనే కంపెనీ ఒక ఆట కోసం నాలుగు లక్షల డాలర్లు అడిగితే, 87 వేల మందికి పైగా కలిసి 33 లక్షల డాలర్లు ఇచ్చారు. డబ్బు పెరిగింది, దానితో పాటు ఆట కూడా పెరిగింది. చివరికి ఆ డబ్బూ చాలలేదు. 2013లో ఆ మాట బయటపెట్టి, ఆటను రెండు భాగాలు చేశారు. 'బ్రోకెన్ ఏజ్' మొదటి భాగం 2014 జనవరిలో, రెండోది 2015 ఏప్రిల్‌లో వచ్చాయి. కొందరికి కోపం వచ్చింది. కానీ పని ఎలా నడుస్తుందో, ఎక్కడ చిక్కు పడిందో వాళ్ళు వీడియోలు తీసి డబ్బు కట్టినవాళ్ళకు చూపిస్తూ వచ్చారు. అందుకే చాలామంది ఆగారు.

ఆస్ట్రేలియాలో టీమ్ చెర్రీ అనే చిన్న జట్టు 2014లో సుమారు 57 వేల ఆస్ట్రేలియా డాలర్లు సేకరించి, 2017లో 'హాలో నైట్' ఆట విడుదల చేసింది. ఆ తర్వాత కూడా కొత్త భాగాలు ఉచితంగా ఇచ్చింది. రెండో ఆట 'సిల్క్‌సాంగ్' అని 2019లో ప్రకటించింది. అది 2025 సెప్టెంబర్ 4న వచ్చింది. నడుమ ఏళ్ళలో కబుర్లు చాలా తక్కువ. ఒక అభిమాని అయితే "ఈ రోజు కూడా వార్త లేదు" అని చెప్పడానికే రోజూ వీడియో పెట్టేవాడు! అయినా జనం వదల్లేదు. మొదటి ఆట వాళ్ళ చేతిలో ఉంది, దాని విలువ వాళ్ళకు తెలుసు.

ఈ కథలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఓపిక ఊరికే రాదని తెలుస్తుంది. ఒకటి, చేసేవాళ్ళు అంతకు ముందు ఏదైనా పూర్తి చేసి చూపించి ఉండాలి, లేకపోతే ఇప్పటి పనిలో కొంతైనా చేతికివ్వాలి. రెండు, ఆలస్యమైతే ఆ సంగతి వాళ్ళే ముందుగా చెప్పాలి. మూడు, డబ్బు ఎక్కడికి పోయిందో లెక్క తెలియాలి. ఈ మూడూ లేని చోట ఓపిక పట్టడం మంచితనం కాదు, నష్టమే.

మా అన్న విషయంలో ఈ మూడూ అడిగి చూశాను. ఆట చేసేవాళ్ళు కొంత భాగం ఆడుకోవడానికి ఇచ్చారు, రెండు మూడు నెలలకొకసారి ఉత్తరం రాస్తారు. లెక్క మాత్రం చెప్పలేదు. అన్న దాన్నే మర్యాదగా రాసి అడిగాడు. నాయన ఇంకా ఒప్పుకోలేదు. కానీ "అడిగినావు కదా, అది మేలు" అన్నాడు.

మిత్రులారా, మన వయసువాళ్ళు ఫోన్లో ఆటలకు ఇంట్లో డబ్బు కట్టించుకుంటున్నాం. రానున్న దానికి డబ్బు కట్టే ముందు పైన చెప్పిన మూడు ప్రశ్నలూ అడగండి. ఆ డబ్బు పోతే ఇంట్లో బియ్యానికో ఫీజుకో ఇబ్బంది అయ్యేటట్టుంటే కట్టనే వద్దు. కట్టిన తర్వాత తిట్టుకుంటూ కూర్చోకండి, మరిచిపోనూ వద్దు. అప్పుడప్పుడు అడగండి. రేపు మనలో ఎవరైనా ఒక పుస్తకమో, ఆటో, సినిమానో నలుగురి డబ్బుతో మొదలుపెడితే, ఆలస్యమైన రోజు మొదటి కబురు మన నుంచే పోవాలి.