ఇంజనీరింగు కళాశాలలు – విద్యార్థి నాయకుల ధ్యేయములు

ఆనకట్ట కట్టువాడును, వంతెన నిలుపువాడును, విద్యుత్కేంద్రము నడుపువాడును తన వృత్తిజీవితములో అధికభాగము ప్రజల ధనముతోను, ప్రజల ప్రాణములతోను వ్యవహరింపవలసినవాడు. కాబట్టి అతడు గణితమును, పదార్థవిజ్ఞానమును అభ్యసించినంత శ్రద్ధతోనే పదిమందికి లెక్క అప్పగించు విద్యను కూడ అభ్యసించియుండవలెను. ఈ రెండవ విద్యకు పాఠ్యగ్రంథము లేదు, పరీక్షాపత్రము లేదు. తెలుగుదేశపు ఇంజనీరింగు కళాశాలలలో కొన్ని దశాబ్దములపాటు దానిని నేర్పిన తావు విద్యార్థిసంఘము. ఆ సంఘముల నాయకులు ఏ ధ్యేయములను పెట్టుకొనిరి, వానిలో ఏవి చిన్నవిగా కనబడుచు పెద్దవై నిలిచెను, తుదకు ఆ సంఘములే ఎట్లు అడుగంటెను అను వృత్తాంతము మన విద్యాచరిత్రలో తగిన స్థానము పొందవలసిన అధ్యాయము.

మనకు సంబంధించిన ఇంజనీరింగు విద్య మదరాసులో మొదలైనది. 1794లో మైకేల్ టాపింగ్ అను భూమాపకుడు అక్కడ ఎనిమిదిమంది బాలురతో ఒక సర్వే పాఠశాలను నెలకొల్పెను. కృష్ణా గోదావరీ మండలములలో మట్టములు కొలిపించి, ఆ నదుల నీటిని పొలములకు మళ్లింపవచ్చునని ముందుగా తలపోసిన వారిలో ఆయన ఒకడు. 1796లో మచిలీపట్టణముననే కన్నుమూసెను. ఆయన నాటిన పాఠశాల 1859 నాటికి ఇంజనీరింగు కళాశాలగా పరిణమించి, 1920లో గిండీకి తరలినది. ప్రభుత్వపు పబ్లిక్ వర్క్స్ శాఖకు కావలసిన ఉద్యోగులను తయారుచేయుటయే ఆనాటి విద్యాలయపు పరమప్రయోజనము. అట్టి చోట విద్యార్థికి ఉండదగిన ముఖ్యగుణము విధేయత అని పాలకులు భావించిరి గాని, స్వపరిపాలన అని భావింపలేదు.

ఆ విద్యాలయములోనే 1940లో అయ్యలసోమయాజుల లలిత అను తెలుగు వనిత ఎలక్ట్రికల్ ఇంజనీరింగు తరగతిలో చేరినది. అంతకుముందు అక్కడ స్త్రీలు చదివినది లేదు. బాల్యమున వివాహమై, పదునెనిమిదేండ్లకే వైధవ్యము ప్రాప్తించి, చంకన పసిబిడ్డతో మిగిలిన ఆమెను, ఆ కళాశాలలోనే ఆచార్యులైన తండ్రి పప్పు సుబ్బారావుగారు ప్రోత్సహించి చేర్పించిరి. ఆమె తరువాత మరి ఇద్దరు స్త్రీలు సివిలు శాఖలో ప్రవేశించిరి. వందలమంది పురుషుల నడుమ ముగ్గురు స్త్రీలు చదువుకొనుటకు ఎంత స్థైర్యము కావలెనో ఊహించుకొనవచ్చును. ఇంజనీరింగు కళాశాలల విద్యార్థి నాయకత్వము దీర్ఘకాలము పురుషుల సొత్తుగా ఉండిపోయినదన్న నిజమును ఇక్కడనే చెప్పుకొనుట న్యాయము. ఆడపిల్లలకు వసతిగృహము, గ్రంథాలయమునుండి రాత్రివేళ క్షేమముగా తిరిగివచ్చు ఏర్పాటు మొదలైనవి సంఘముల ధ్యేయములలో చేరుటకు చాల కాలము పట్టినది. ఆ జాప్యము మన సంఘముల చరిత్రకు కీర్తికరము కాదు.

విద్యార్థులు తమలో ఒకనిని ఎన్నుకొని, అతని అధ్యక్షత క్రింద సభ నడుపుకొను సంప్రదాయము మనకు ఇంగ్లండు విశ్వవిద్యాలయములనుండి వచ్చినది. దాని రుచి నెరిగి మన విద్యారంగమున అడుగుపెట్టినవారిలో కట్టమంచి రామలింగారెడ్డిగారు ముఖ్యులు. ఆయన కేంబ్రిడ్జిలో చదువుచున్న కాలమున అక్కడి యూనియన్ సొసైటీకి ఉపాధ్యక్షులుగా ఎన్నికైరి. ఆ గౌరవము ఒక భారతీయునకు దక్కుట అదియే ప్రథమము. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఆయనయే మొదటి వైస్ చాన్సలరు. 1930లో ప్రభుత్వ దమననీతికి నిరసనగా ఆ పదవిని వదలుకొని, మరల 1936లో వచ్చి 1949 వరకు నిర్వహించిరి. విద్యార్థిగా వాదించుట నేర్చినవాడు అధికారిగా రాజీనామా ఇచ్చుట కూడ నేర్చియుండునని ఆయన జీవితము మనకు చెప్పుచున్నది.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన మరుసటి యేడు, అనగా 1946లో, తెలుగునాట ఇంజనీరింగు విద్యకు ద్వారములు ఒక్కమారుగా తెరచుకొనినవి. విశాఖపట్టణములో ప్రారంభమైన ప్రభుత్వ కళాశాల కాకినాడకు చేరినది. గిండీ ఆవరణలోనే మొదలైన మరియొకటి 1948లో అనంతపురమునకు తరలినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కూడ ఎలక్ట్రికల్ శాఖను తెరచినది. హైదరాబాదు రాజ్యములో 1929 నుండియే ఉస్మానియా ఇంజనీరింగు కళాశాల ఉండెను. 1959 అక్టోబరులో వరంగల్లులో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. దేశములోని అట్టి కళాశాలలలో అది మొదటిది. అందులో సగము స్థానములు ఇతర రాష్ట్రములవారివి అగుటచే, ఒరియా బాలుడును, పంజాబీ బాలుడును, పాలమూరు బాలుడును ఒకే పంక్తిలో భోజనమునకు కూర్చుండు యోగము అక్కడ కలిగినది.

ఆ భోజనపంక్తియే విద్యార్థి పరిపాలనమునకు నిజమైన పాఠశాల అని నా దృఢవిశ్వాసము. వసతిగృహముల మెస్సులు పెక్కింట డివైడింగు పద్ధతిపై నడిచెడివి. విద్యార్థులు తమలో ఒకనిని మెస్ సెక్రటరీగా ఎన్నుకొందురు. అతడు వంటవారిని కనిపెట్టుకొని ఉండవలెను. బియ్యపు వర్తకునితోను, పాలవానితోను, కట్టెల అడితివానితోను బేరమాడవలెను. సరకు వచ్చినప్పుడు తూకము చూచి స్టాకు రిజిస్టరులో ఎక్కించుకొనవలెను. ఊరికి పోయినవానికి మెస్ కట్, అతిథిని తెచ్చుకొన్నవానికి గెస్టు ఛార్జి, గ్రుడ్డు తిన్నవానికి ఎక్స్‌ట్రా వ్రాసుకొనవలెను. నెల ముగియగానే మొత్తము వ్యయమును తిన్నవారి దినములతో భాగించి, తలకు ఇంత పడినదని నోటీసుబోర్డుకు కాగితము అంటింపవలెను. ఆ కాగితము అంటించిన సాయంకాలము సెక్రటరీకి దాగుటకు చోటు ఉండదు. రైతు ఇంటినుండి, బడిపంతులు ఇంటినుండి, తండ్రి పంపిన మనియార్డరును లెక్కించుకొనుచు చదువుచున్న బాలుడు తిన్నగా వచ్చి, గతనెలకంటె ఈ నెల ఎందుకు పెరిగినదని అడుగును. అడుగుటకు అతనికి హక్కు కలదు. చెప్పుటకు సెక్రటరీకి విధి కలదు. సమాధానము నమ్మదగినదిగా లేనిచో వచ్చే ఎన్నికలో మరియొకడు వచ్చును.

ఆ బాలుడే నాలుగేండ్ల తరువాత ఏ కాలువగట్టు మీదనో సెక్షను ఆఫీసరై నిలిచి, కంట్రాక్టరు త్రవ్వించిన మట్టిని కొలిచి మెజర్‌మెంటు పుస్తకములో వ్రాసి సంతకము పెట్టవలసినవాడు. ఆ పుస్తకములోని అంకెనుబట్టియే బిల్లు మంజూరగును. మెస్సులో బియ్యపుబస్తా తూకమును తోటివారి కన్నులయెదుట ఒప్పుకొనవలసివచ్చిన అనుభవమునకు, ఒంటరిగా ఎండలో నిలిచి ఘనపుటడుగులను నిజముగా వ్రాయు ధర్మమునకు నడుమ ఉన్న సంబంధమును ఎంత నొక్కి చెప్పినను అధికము కాదు.

తక్కిన పదవుల ధ్యేయములును ఇట్టివే. శాఖకొక అసోసియేషను ఉండెడిది. దాని కార్యదర్శి నీటిపారుదల శాఖనుండియో, విద్యుత్ బోర్డునుండియో ఒక అనుభవజ్ఞుని పిలిపించి ఉపన్యాసము చెప్పింపవలెను. పత్రికా సంపాదకుడు ఆంగ్లభాగమును, తెలుగుభాగమును సమకూర్చి సంవత్సరాంతమునకు సంచికను తేవలెను. చివరి యేటి ఇండస్ట్రియల్ టూరు ఏర్పాటు మరింత కష్టసాధ్యము. రైల్వే కన్సెషను కొరకు అర్జీలు, భిలాయి, హీరాకుడ్, భాక్రా వంటి చోట్ల అధికారులకు లేఖలు, దారిలో బస, భోజనము – అన్నియు ఇరువదేండ్ల యువకులే చూచుకొనిరి. అన్నిటికంటె ముఖ్యము, డబ్బు చాలక వెనుదీయు సహాధ్యాయిని వెంటబెట్టుకొని పోవుట. ఒక నాయకుని యోగ్యతను కొలుచుటకు ఇంతకు మించిన కొలబద్ద లేదు.

దేశరాజకీయముల గాలి ఈ ఆవరణలలోనికి వీచుట అనివార్యము. 1936లో లక్నోలో అఖిలభారత విద్యార్థి సమాఖ్య పుట్టెను. 1938లో ఉస్మానియా విద్యార్థులు వసతిగృహములలో వందేమాతర గీతము పాడినందుకు బహిష్కృతులు కాగా, పలువురకు నాగపురము విశ్వవిద్యాలయము ఆశ్రయమిచ్చెను, వారిలో పి.వి.నరసింహారావుగారు ఒకరు. 1966లో విశాఖపట్టణమునకు ఉక్కు కర్మాగారము కావలెనని అమృతరావుగారు నిరాహారదీక్ష పూనినపుడు తెలుగునాటి విద్యార్థిలోకము కదలినది. ఆ యేడు నవంబరు 1న విశాఖలో తుపాకులు ప్రేలినవి; ఉద్యమములో మొత్తము 32 మంది ప్రాణములర్పించిరి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ ఆ కర్మాగారమునకు శంకుస్థాపన చేసెను. పంచవర్ష ప్రణాళికలు ఆగిపోయిన ఆ ఉద్యమ సంవత్సరములలో పట్టము పుచ్చుకొన్న ఇంజనీర్లు అనేకులు ఉద్యోగము లేక తిరుగుచుండిరని జ్ఞప్తికి తెచ్చుకొన్నచో, ఉక్కు నినాదము ఇంజనీరింగు విద్యార్థికి ఎంత సన్నిహితమైనదో బోధపడును. మెస్సు లెక్కయు, ఉక్కు కర్మాగారమును ఒకే ధ్యేయపు రెండు పరిమాణములు: ఉమ్మడి సొత్తు ఉమ్మడివారికి చెందవలెననుటయే అది.

తరువాతి దశాబ్దము రక్తసిక్తము. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా ఇంజనీరింగు కళాశాల వసతిగృహ ప్రాంతమున, భౌతికశాస్త్రములో ప్రతిభావంతుడైన జార్జిరెడ్డి కత్తిపోట్లకు బలియయ్యెను. 1975 జూలైలో, అత్యవసర పరిస్థితి ప్రకటితమైన నెలదినములకు, మెదకు జిల్లా గిరాయిపల్లి అడవిలో పోలీసుల కాల్పులలో మరణించిన నలుగురు యువకులలో సూరపనేని జనార్దన్ వరంగల్లు ఇంజనీరింగు విద్యార్థి. ఆ యువకులు ఎన్నుకొన్న విప్లవమార్గముతో ఏకీభవింపనివారికి సైతము ఆ నష్టము నష్టమే. సంఘపు ఎన్నిక కత్తులచేతను, కరపత్రములకు బదులు కర్రలచేతను తీర్మానింపబడుట మొదలైనపుడు, తలిదండ్రులు భయపడిరి, ఆచార్యులు తప్పుకొనిరి, ప్రభుత్వము అదను చూచుకొనినది.

పెద్దలు ఆలోచింపక పోలేదు. 1948–49లో రాధాకృష్ణపండితుని విశ్వవిద్యాలయ సంఘము, విద్యార్థిసంఘములు సాధ్యమైనంతవరకు రాజకీయములకు దూరముగా ఉండవలెనని కోరెను. 1964–66 నాటి కొఠారీ సంఘము మరింత ఆచరణీయమైన మార్గమును చూపినది: సభ్యత్వము అందరికి సహజముగా లభింపవలెను, పదవులను వివిధ విద్యార్థి సమాజముల ద్వారా పరోక్షముగా ఎన్నుకొనుట మేలు, ఒకే తరగతిలో రెండు మూడేండ్లు పడియుండువాడు పోటీకి అనర్హుడు, అధ్యాపకులును విద్యార్థులును కలిసిన ఉమ్మడి సమితులు ఏర్పడవలెను. శాఖాసమాజములు, మెస్ సమితులు మున్నుగానే ఉన్న ఇంజనీరింగు కళాశాలకు ఇంతకంటె ఒదిగిన ప్రణాళిక వేరొండు లేదు. కాని దానిని శ్రద్ధతో అమలుపరచిన చోటులు అరుదు. 1980 దశకపు చివరికి రాష్ట్రములో విద్యార్థిసంఘ ఎన్నికలే నిలిచిపోయినవి. రోగికి పథ్యము చెప్పలేక అన్నమే మాన్పించినట్లు ఆయెను.

ఇంచుమించు ఆ కాలముననే ఇంజనీరింగు విద్య స్వరూపము మారినది. 1977లో విజయవాడలో సిద్ధార్థ కళాశాలతో ప్రైవేటు ఇంజనీరింగు విద్య ఆరంభమై, మూడున్నర దశాబ్దములు గడచునప్పటికి ఉమ్మడి రాష్ట్రములో అట్టి కళాశాలలు ఏడువందలకు పైబడినవి. లక్షలాది బాలబాలికలు వానిలో చదివిరి. వారికి మెస్ సెక్రటరీ తెలియడు. కంట్రాక్టుకిచ్చిన భోజనశాల తెలియును. వారికి అధ్యక్షుడు తెలియడు. యాజమాన్యము నియమించిన క్లాస్ రిప్రజెంటేటివ్ తెలియును, అతని పని హాజరుపట్టీ మోయుట. టెక్ ఫెస్టులకు సమన్వయకర్తలు ఉందురు. వారి ఉత్సాహము, నిర్వహణశక్తి మెచ్చదగినవే. కాని ఎవరు ఎన్నుకొనిరో, ఎవరికి లెక్క చెప్పవలెనో నిశ్చయము లేని పదవి నాయకత్వపు శిక్షణ కాజాలదు.

సుప్రీంకోర్టు ఆదేశముపై ఏర్పడి 2006లో నివేదిక సమర్పించిన లింగ్డో సంఘము ఈ వ్యాధికి మందు చెప్పినది. డిగ్రీ విద్యార్థులైన అభ్యర్థుల వయస్సు 17 నుండి 22 లోపు. హాజరు నూటికి 75. పోటీచేయు యేట తప్పిన పరీక్షలు ఉండరాదు. పదవికి ఒక్కమారే అవకాశము. ఖర్చు 5,000 రూపాయలకు మించరాదు. ఫలితము వెలువడిన రెండు వారములలో ఆడిట్ చేయించిన లెక్క చూపవలెను. ఈ చివరి నిబంధన చదివినపుడు, నోటీసుబోర్డుకు కాగితము అంటించిన పాతకాలపు మెస్ సెక్రటరీని ఆ సంఘము ఎరుగకయే గౌరవించినదని నాకు తోచెను. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయములో ఎన్నికలు జరుగుచునే ఉన్నవి. రెండు తెలుగు రాష్ట్రముల ఇంజనీరింగు కళాశాలలకు మాత్రమే అవి ప్రమాదకరములని వాదించుటకు ఆధారము లేదు.

గిండీలో చదివి, నాగార్జునసాగరమునకు పాటుబడిన కానూరి లక్ష్మణరావుగారు 1962 మొదలు మూడుమారులు విజయవాడ ఓటర్ల ఎదుట నిలిచి గెలిచిరి. తమ ఆత్మకథకు ‘ది క్యూసెక్స్ కాండిడేట్’ అని పేరుంచిరి. ఇంజనీరు ప్రజలను ఓటు అడుగుట, అడిగినవారికి జవాబు చెప్పుట వృత్తికి విరుద్ధము కాదని ఆయన నిరూపించిరి.

కాకినాడలో, అనంతపురములో, విశాఖ వాల్తేరులో, వరంగల్లులో ఒకప్పుడు సంఘ పదవులు నిర్వహించిన పెద్దలకు ఒక మనవి. మీ యిండ్లలో ఆనాటి కళాశాల పత్రికలు, సభల మినిట్సు పుస్తకములు, మెస్సు లెక్కల కాగితములు మిగిలియుండవచ్చును. వానిని పాతకాగితములవానికి వేయక, మీరు చదివిన కళాశాల గ్రంథాలయమునకు చేర్పుడు. ఎన్నిక ఎట్లు జరిగెను, లెక్క ఎట్లు చెప్పితిరి అను సంగతి ఒక నాలుగు పుటలు స్వహస్తముతో వ్రాసి వానికి జతపరుపుడు.